రక్షకుని జననం: ఆది సంఘపు ఒప్పుకోలులో దాని ఆత్మీయ అర్థం
(మొదటి ఐదు శతాబ్దాల చరిత్ర పరిశీలన)

ఉపోద్ఘాతం

ప్రతి డిసెంబరు నెలలో మన సంఘాల్లో ఎక్కువగా ప్రసంగించబడే అంశం రక్షకుని జననం. నక్షత్రం, జ్ఞానులు, గొర్రెల కాపరులు, పశువుల తొట్టి అన్నీ సండే స్కూలు పిల్లలకు సైతం కంఠతా వచ్చిన సంగతులే. అయినా ఒక ప్రశ్న మన ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది. మన రక్షణ సిలువ వలన కలిగినదైతే, ఆ రక్షణలో జననానికి ఉన్న స్థానమేమిటి? సిలువను చేరడానికి ఎక్కవలసిన మొదటి మెట్టు మాత్రమేనా? లేక ఆ జననంలోనే మన రక్షణకు సంబంధించిన కార్యం ఏదైనా జరిగిందా?

మరొకవైపు, క్రిస్మస్‌ను ఆచరించరాదని నమ్మే విశ్వాసులు మన తెలుగు సంఘాల మధ్య ఉన్నారు. డిసెంబరు 25వ తేదీ బైబిలులో లేదనీ, అది అన్యుల సూర్యారాధన నుండి వచ్చిందనీ వారి వాదన. ఈ వాదనను తేలికగా తీసివేయడం న్యాయం కాదు. వారు అడిగేది చరిత్రకు సంబంధించిన ప్రశ్న కనుక చరిత్రలోనే జవాబు వెదకాలి. ఒక కాపరి ఈ విషయంలో తడబడితే, సంఘంలో ఒక గుంపు పండుగను పట్టుకొని అర్థాన్ని వదిలివేస్తుంది. మరొక గుంపు పండుగతోపాటు అర్థాన్ని కూడా వదిలివేస్తుంది. రెండు విధాలా నష్టం సంఘానికే.

ఈ వ్యాసంలో మనం మొదటి ఐదు శతాబ్దాల సంఘ చరిత్రను ఈ రెండు ప్రశ్నల వెలుగులో పరిశీలిద్దాం. మేము నిరూపించదలచినది ఇది: క్రీస్తు జనన పండుగ సంఘంలోనికి ఆలస్యంగా వచ్చింది, కాని క్రీస్తు జననాన్ని గూర్చిన ఒప్పుకోలు మొదటి నుండి ఉంది. పుట్టినవాడు ఎవరు అనే విషయమై సంఘం తీవ్రంగా పోరాడిన కాలంలోనే ఆ పండుగ దేశదేశాలకు వ్యాపించింది.

1. ఔగుస్తు లోకంలో ‘రక్షకుడు’

లూకా తన సువార్త రెండవ అధ్యాయాన్ని కైసరు ఔగుస్తు పేరుతో ప్రారంభిస్తాడు. ఇది కేవలం కాలాన్ని తెలియజేయడానికే అని మనం అనుకోవచ్చు. అయితే ఆ దినాల్లోని ఒక శాసనాన్ని చూస్తే లూకా మాటల బరువు మరింతగా తెలుస్తుంది. నేటి టర్కీ దేశపు పడమటి తీరంలో ఉన్న ప్రియేనే అనే పురాతన పట్టణంలో దొరికిన గ్రీకు శాసనం అది. క్రీ.పూ. 9 ప్రాంతంలో ఆసియా ప్రాంతపు పట్టణాలన్నీ కలిసి చేసిన తీర్మానం అందులో ఉంది. ఔగుస్తు పుట్టిన దినమైన సెప్టెంబరు 23ను సంవత్సరారంభంగా లెక్కించాలని రోమా అధిపతి పౌల్లుస్ ఫాబియుస్ మాక్సిముస్ చేసిన ప్రతిపాదనను వారు అంగీకరించారు. ఆ తీర్మానం ఔగుస్తును యుద్ధాలను మాన్పించిన రక్షకుడుగా వర్ణిస్తుంది. ఆ దేవుని జన్మదినం లోకానికి సువార్తలకు ఆరంభమని చెబుతుంది.

గమనించండి. ‘రక్షకుడు’, ‘జన్మదినం’, ‘సువార్త’, ‘సమాధానం’ అనే ఈ నాలుగు తలంపులూ లూకా రెండవ అధ్యాయంలో దేవదూతల వర్తమానంలో కలిసి కనబడతాయి. లూకా ఆ శాసనాన్ని చదివాడని మనం చెప్పనవసరం లేదు. అలాంటి మాటలు రోమా సామ్రాజ్యపు తూర్పు భాగమంతటా వాడుకలో ఉన్నాయి. రక్షకుని జననం అంటే ఆనాటి శ్రోతకు రాజభవనం, సైన్యం, రాతిమీద చెక్కిన రాజాజ్ఞ గుర్తుకు వస్తాయి. అయితే లూకా ఆ బిరుదును పశువుల తొట్టిలో పరుండబెట్టబడిన శిశువుకు ఇచ్చాడు. ఆ వార్త మొదట చేరినది పట్టణపు పెద్దలకు కాదు, రాత్రి పొలంలో మందను కాస్తున్నవారికి.

దీనికి మరొక పక్షం కూడా ఉంది. పాత నిబంధన ఎరిగిన యూదునికి రక్షకుడు అనే మాట దేవునికే చెందుతుంది. తాను తప్ప వేరొక రక్షకుడు లేడని యెషయా 43, 45 అధ్యాయాల్లో యెహోవా స్వయంగా ప్రకటించాడు. కాబట్టి లూకా వాడిన ఆ ఒక్క మాట రెండువైపులా పదును గలది. కైసరు ఆ పేరుకు అర్హుడు కాడని అది చెబుతుంది. ఆ శిశువులో పనిచేయుచున్నవాడు ఇశ్రాయేలు దేవుడే అని కూడా చెబుతుంది. తరువాతి నాలుగు శతాబ్దాల వాదోపవాదాలన్నీ ఈ రెండవ సంగతి చుట్టే తిరిగాయి.

2. పండుగ లేకపోయినా ఒప్పుకోలు ఉంది

మార్కు, యోహాను సువార్తలలో జనన వృత్తాంతం లేదు. అపొస్తలుడైన పౌలు గలతీ 4:4లో కుమారుడు స్త్రీయందు పుట్టిన సంగతి చెప్పాడు గాని ఆ దినాన్ని ఆచరించమని ఎక్కడా వ్రాయలేదు. మొదటి రెండు శతాబ్దాల సంఘం ప్రభువు దినాన్నీ, పస్కాను అనుసరించిన పునరుత్థాన పండుగనూ ఆచరించింది. జనన పండుగ ఆచరించినట్లు స్పష్టమైన ఆధారం ఆ కాలంలో లేదు. ఈ విషయంలో క్రిస్మస్‌ను ఆక్షేపించే సహోదరుల మాట సత్యమే.

అయితే జననాన్ని గూర్చిన ఒప్పుకోలు సంగతి వేరు. అంతియొకయ అధ్యక్షుడైన ఇగ్నేషియస్ రెండవ శతాబ్దపు తొలి దశకాల్లో సైనికుల కావలిలో రోమాకు తీసుకొనిపోబడుతూ, మార్గంలో సంఘాలకు పత్రికలు వ్రాశాడు. ఆయన కాలంలో కొందరు క్రీస్తుకు నిజమైన శరీరం లేదనీ, ఆయన మనుష్యుడుగా కనబడ్డాడు మాత్రమే అనీ బోధించేవారు. సంఘ చరిత్ర వీరిని డోసేటిస్టులు అని పిలుస్తుంది. ఇగ్నేషియస్ త్రల్లెసు, స్ముర్న సంఘాలకు వ్రాసినప్పుడు ఒకే పదాన్ని పదే పదే వాడాడు: నిజముగా. క్రీస్తు నిజముగా పుట్టాడు, నిజముగా తిన్నాడు, త్రాగాడు, నిజముగా సిలువ వేయబడ్డాడు, నిజముగా లేచాడు అని ఆయన వాదించాడు. ఇది ఆయనకు పుస్తక పాండిత్యం కాదు. క్రీస్తు బాధపడినట్లు కనబడ్డాడే గాని నిజముగా బాధపడకపోతే, తాను ఎందుకు సంకెళ్లలో ఉండాలి, ఎందుకు క్రూరమృగాలకు అప్పగించబడాలి అని ఆయన ప్రశ్న. హతసాక్షి ధైర్యం జననపు వాస్తవికత మీద నిలిచింది.

క్రీ.శ. 144 ప్రాంతంలో రోమా సంఘం నుండి వేరుపడిన మార్సియన్ మరింత ముందుకు వెళ్లాడు. సృష్టికర్త తక్కువ దేవుడనీ, క్రీస్తు తండ్రి వేరొక ఉన్నత దేవుడనీ అతని బోధ. అతడు తన వర్గానికి కూర్చిన సువార్త లూకా సువార్తను పోలినదే గాని, అందులో మొదటి రెండు అధ్యాయాలు లేవు. అతని క్రీస్తు తిబెరి కైసరు పదునైదవ సంవత్సరంలో ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాడు. తల్లి లేదు, ఊయల లేదు, వంశావళి లేదు. సృష్టిని అసహ్యించుకొనేవానికి జననం అవమానకరంగా తోచడం సహజమే.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణస్థుడైన తెర్తుల్లియన్ మూడవ శతాబ్దారంభంలో ‘క్రీస్తు శరీరమును గూర్చి’ అనే గ్రంథంలో దీనికి జవాబిచ్చాడు. గర్భం, ప్రసవం, రక్తం, పొత్తిగుడ్డలు అంటే మార్సియన్‌కు ఉన్న ఏవగింపును ఆయన దాచిపెట్టలేదు. పైపెచ్చు ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పాడు. నీవూ ఆ విధంగానే పుట్టావు గదా, మనుష్యుడు పుట్టే విధానాన్నే ద్వేషిస్తే ఏ మనుష్యునినైనా ఎలా ప్రేమించగలవు అని నిలదీశాడు. క్రీస్తు మనుష్యుని ప్రేమించాడు. అతనితోపాటు అతని పుట్టుకనూ అతని శరీరాన్నీ ప్రేమించాడు అన్నది ఆయన వాదన సారాంశం. రక్షకుని జననానికి ఉన్న ఆత్మీయ అర్థాన్ని ఇంతకంటె సూటిగా చెప్పినవారు అరుదు. ప్రసూతి గది దేవునికి అపవిత్రమైన స్థలం కాదు.

గాల్ దేశంలోని లియోన్ అధ్యక్షుడైన ఐరేనియస్ సుమారు 180లో ఈ సత్యానికి విశాలమైన రూపం ఇచ్చాడు. నీరు గొట్టంలో నుండి పారినట్లు క్రీస్తు మరియలో నుండి ఏమియు తీసుకొనకుండా వచ్చాడని వలెంటినస్ శిష్యులు బోధించారు. ఐరేనియస్ దానిని త్రోసిపుచ్చాడు. మరియనుండి ఏదీ తీసుకొనకపోతే, ఆయన ఆదాము సంతతివాడు కాడు. ఆదాము సంతతివాడు కాకపోతే, ఆదాము పోగొట్టిన దానిని తిరిగి సంపాదించలేడు. రోమా 5, ఎఫెసీ 1:10 వచనాల ఆధారంగా ఆయన చెప్పినదేమంటే, క్రీస్తు మానవ చరిత్ర అంతటినీ తనలో మొదటి నుండి మరల నడిచాడు. శిశువులను పరిశుద్ధపరచడానికి శిశువయ్యాడు, బాలురకొరకు బాలుడయ్యాడు, యౌవనస్థులకొరకు యౌవనస్థుడయ్యాడు. జననం లేకపోతే ఈ నడకకు ఆరంభమే లేదు.

3. డిసెంబరు 25 ఎలా వచ్చింది?

సుమారు 200లో అలెగ్జాండ్రియా క్లెమెంతు, కొందరు అత్యాసక్తితో ప్రభువు పుట్టిన దినాన్ని కూడా లెక్క కడుతున్నారని వ్రాశాడు. ఆయన పేర్కొన్న తేదీలలో నేటి మే 20కి సరిపోయేది ఒకటి ఉంది. డిసెంబరు 25 లేదు. ఆ తరువాతి తరంలో ఓరిజెన్, లేఖనాల్లో జన్మదినోత్సవం చేసుకొన్నవారు ఫరో, హేరోదు వంటి పాపులే అని తన లేవీయకాండ ప్రసంగంలో గుర్తుచేశాడు. నేడు పుట్టినరోజు వేడుకలను ఆక్షేపించే బోధకులు చేసే వాదన ఇదే. అది మూడవ శతాబ్దం నాటిది.

డిసెంబరు 25ను క్రీస్తు జనన దినంగా చూపే స్పష్టమైన మొదటి ఆధారం రోమాలో దొరికింది. 354 నాటి ఒక పంచాంగంలో ఉన్న హతసాక్షుల జాబితా ఆ తేదీన క్రీస్తు యూదయ బేత్లెహేములో పుట్టాడని చెబుతుంది. ఆ జాబితా 336 నాటికే తయారైనదని పండితుల అభిప్రాయం. తూర్పు సంఘాలలో జనవరి 6న ప్రభువు ప్రత్యక్షత పండుగ ఉండేది. అందులో అనేక చోట్ల జననాన్నీ బాప్తిస్మాన్నీ కలిపి ఆచరించేవారు. ఆర్మేనియా సంఘం నేటికీ ఆ రెంటినీ జనవరి 6ననే ఆచరిస్తుంది.

రోమా సంఘం ఈ తేదీని ఎందుకు ఎంచుకొంది? దీనికి రెండు వివరణలు ఉన్నాయి. మొదటిది: అదే 354 పంచాంగపు లౌకిక భాగంలో డిసెంబరు 25 ‘జయింపబడని’ దేవుని జన్మదినంగా కనబడుతుంది, అది సూర్యుడని సాధారణంగా అంగీకరించబడింది. ఔరేలియన్ చక్రవర్తి 274లో రోమాలో ఆ సూర్యదేవునికి గుడి కట్టించాడు. దానికి బదులుగా సంఘం నీతిసూర్యుని పండుగను నిలిపిందని ఈ వివరణ. రెండవది: ఫ్రెంచి చరిత్రకారుడు లూయీ దుషేన్ 1889లో ప్రతిపాదించినది, అమెరికా పండితుడు థామస్ టాలీ 1986లో దానిని మరింత బలపరచాడు. పడమటి సంఘంలో క్రీస్తు సిలువ మరణ దినాన్ని మార్చి 25గా లెక్కించేవారు. ఆయన గర్భమున పడినదీ అదే తేదీన అని నమ్మేవారు. అగస్టీన్ తన ‘త్రిత్వమును గూర్చి’ అనే గ్రంథంలో ఈ నమ్మకాన్ని పేర్కొన్నాడు. మార్చి 25 నుండి తొమ్మిది నెలలు లెక్కిస్తే డిసెంబరు 25 వస్తుంది. తూర్పున సిలువ దినాన్ని ఏప్రిల్ 6గా లెక్కించినవారికి జనవరి 6 వస్తుంది.

ఈ రెండింటిలో ఏది సరియైనదో పండితులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. అయితే కాపరులుగా మనం రెండు సంగతులు గమనించాలి. మొదటిది, అన్యుల పండుగనుండే వచ్చిందని ఖచ్చితంగా చెప్పడానికి గాని, దానితో ఏ సంబంధమూ లేదని చెప్పడానికి గాని ఆధారం చాలదు. కాబట్టి ఈ వాదనతో ఒక సహోదరుని తీర్పు తీర్చడం ఇరుపక్షాలకూ తగదు. రోమా 14:5–6లో దినాలను గూర్చి పౌలు చెప్పినదే ఇక్కడ మనకు చాలు. రెండవది, లెక్క ద్వారా వచ్చిందనే వివరణ నిజమైతే, క్రిస్మస్ తేదీకి మూలం సిలువ దినమే. తొట్టిని లెక్కించినవారు కల్వరి నుండి లెక్కించారు. ఆది సంఘపు మనస్సులో ఈ రెండూ వేరు కాలేదు.

సూర్యారాధన ప్రమాదం ఊహ మాత్రమే కాదు. ఐదవ శతాబ్దంలో రోమా అధ్యక్షుడైన లియో ఒక క్రిస్మస్ ప్రసంగంలో తన విశ్వాసులను గద్దించాడు. వారిలో కొందరు పేతురు పేరిట ఉన్న ఆలయపు మెట్లెక్కి, లోపలికి వెళ్లకముందు వెనుకకు తిరిగి ఉదయిస్తున్న సూర్యునికి వంగి నమస్కరించేవారు. పండుగను స్థాపించినంత మాత్రాన హృదయాలు మారవు. ఆ పండుగలో ఎవరు ప్రకటింపబడుతున్నారో ప్రతి తరానికీ బోధించాలి. లియో పండుగను మాన్పించలేదు, బోధను పెంచాడు.

4. నాల్గవ శతాబ్దం: పుట్టినవాడు ఎవరు?

అలెగ్జాండ్రియా పెద్ద అయిన ఆరియస్, కుమారుడు తండ్రిచేత సృజింపబడినవాడనీ, ఆయన లేని కాలం ఒకటి ఉందనీ బోధించాడు. 325లో నైసియాలో కూడిన మహాసభ, కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడని ఒప్పుకొంది. మన పాఠ్యక్రమంలో ఈ వివాదాన్ని త్రిత్వ సిద్ధాంతం క్రింద చదువుతాం. కాని నైసియా విశ్వాస ప్రమాణంలో ఒక చిన్న విషయం ఉంది. కుమారుడు దిగివచ్చి మనుష్యుడైనది మనకొరకూ మన రక్షణకొరకూ అని అది చెబుతుంది. రక్షణ అనే మాటను అది సిలువ దగ్గర కాక, దిగివచ్చుట దగ్గరే మొదలుపెట్టింది.

దీనిని విశదపరచినవాడు అథనేసియస్. ‘వాక్యము యొక్క శరీరధారణను గూర్చి’ అనే చిన్న గ్రంథంలో ఆయన రెండు ఉపమానాలు చెప్పాడు. ఒక పలకమీద చిత్రించిన ముఖరూపం మరకలవలన చెరిగిపోతే, ఆ పలకను పారవేయరు. ఎవరి రూపమో ఆ వ్యక్తే మరల వచ్చి కూర్చుంటే అదే పలకమీద తిరిగి చిత్రిస్తారు. దేవుని స్వరూపం మనుష్యునిలో చెరిగిపోయినప్పుడు, ఆ స్వరూపమైన కుమారుడే వచ్చాడు. రెండవది: గొప్ప రాజు ఒక పట్టణంలోని ఒక ఇంట నివసిస్తే, ఆ ఒక్క ఇంటినిబట్టి పట్టణమంతటికీ ఘనత కలుగుతుంది, శత్రువులు దానిమీదికి రారు. అలాగే వాక్యమైనవాడు ఒక శరీరంలో నివసించడం వలన మానవజాతి అంతటికీ మేలు కలిగింది. అయితే అథనేసియస్ ఇక్కడ ఆగలేదు. వాక్యం చావలేదు గనుక, చావగలిగే శరీరాన్ని ధరించి దానిని అందరికొరకు అప్పగించాడని ఆయన వెంటనే చెప్పాడు. జననం మరణంకొరకు, మరణం జీవంకొరకు.

ఆరియస్ బోధ నిజమైతే జరిగే నష్టమేమిటి? తొట్టిలో ఉన్నది ఒక ఉన్నతమైన సృష్టి మాత్రమే అవుతుంది. అప్పుడు దేవుడు తాను రాక, మరొకరిని పంపాడు. మనలను వెదకడానికి తండ్రి హృదయంలో నుండి వచ్చిన ప్రేమ కాక, ఒక సేవకుని సేవ మాత్రమే మనకు మిగులుతుంది. దీనిని సంఘం అంగీకరించలేకపోయింది.

డిసెంబరు 25 పండుగ తూర్పుకు వ్యాపించినది ఈ పోరాటం మధ్యనే. ఆరియస్ పక్షాన్ని బలపరచిన వాలెన్స్ చక్రవర్తి 378లో చనిపోయాడు. మరుసటి సంవత్సరం నజియాన్జస్ గ్రెగొరీ కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చి, నైసియా విశ్వాసులకు ఒక చిన్న ప్రార్థనాలయంలో కాపరిగా ఉన్నాడు. ఆయన క్రిస్మస్ ప్రసంగం ఆ దినాల్లోనిదే. విందులూ అలంకారాలూ విడిచి, అన్యులు పండుగ చేసికొనే విధంగా కాక దేవునికి తగినట్లు ఆచరించుడని ఆయన హెచ్చరించాడు. 386లో అంతియొకయలో యోహాను క్రిసోస్తొము చేసిన ప్రసంగం మరింత ఆసక్తికరం. ఈ దినం మనకు తెలిసి ఇంకా పదేండ్లు కాలేదని ఆయనే ఒప్పుకొన్నాడు. ఇది కొత్తదని కొందరు ఆక్షేపిస్తున్నారని చెప్పి, జెకర్యా దేవాలయ పరిచర్య కాలాన్ని లెక్కించి తేదీని సమర్థించాడు. ఆ లెక్క నేడు మనలను ఒప్పించకపోవచ్చు. కాని పండుగ కొత్తదని దాచిపెట్టకుండా సంఘానికి చెప్పిన ఆ నిజాయితీ అనుసరించదగినది.

సిరియా దేశపు సంఘంలో ఈ పనిని పాటలు చేశాయి. 373లో మరణించిన ఎఫ్రేము నిసిబీసులోను, తరువాత ఎదెస్సాలోను పరిచర్య చేస్తూ ప్రభువు జననంమీద అనేక సిరియా భాషా కీర్తనలు రచించాడు. ఆయన కీర్తనలను స్త్రీల బృందాలు పాడేవని తరువాతి సిరియా రచయితలు తెలిపారు. సిద్ధాంతం సభలలో తీర్మానింపబడింది. కాని సామాన్య విశ్వాసి నోట అది పాటగానే నిలిచింది.

5. ఎఫెసు నుండి కల్కెదోను వరకు

పుట్టినవాడు దేవుడని ఒప్పుకొన్న తరువాత మరొక ప్రశ్న లేచింది: ఆయన ఎంతవరకు మనుష్యుడు? లవొదికయ అధ్యక్షుడైన అపొల్లినారిస్, క్రీస్తులో మానవ మనస్సు ఉండవలసిన చోట వాక్యమే ఉందని బోధించాడు. 381 కాన్‌స్టాంటినోపుల్ మహాసభ దానిని ఖండించింది. గ్రెగొరీ వాదన కాపరులమైన మనకు విలువైనది. క్రీస్తు మనలో దేనిని తీసుకొనలేదో అది బాగుపడలేదు అన్నది దాని భావం. పాపం చేసినది మన మనస్సు కూడా. ఆయన మానవ మనస్సును ధరించకపోతే మన మనస్సుకు రక్షణ లేదు. భయం, దుఃఖం, కృంగుదల వంటి వాటితో పోరాడే విశ్వాసికి ఇది ఎంత ఆదరణ! ఆ శిశువు మన దేహంతోపాటు మన లోపలి మనిషిని కూడా ధరించాడు.

428లో కాన్‌స్టాంటినోపుల్ అధ్యక్షుడైన నెస్టోరియస్, మరియను దేవుని కన్న తల్లి అని పిలవడాన్ని ఆక్షేపించాడు. అలెగ్జాండ్రియా అధ్యక్షుడైన సిరిల్ ఎదురు నిలిచాడు. 431లో ఎఫెసు మహాసభ సిరిల్ పక్షాన నిలిచింది. ప్రొటెస్టెంటులమైన మనకు ఈ బిరుదు ఇబ్బందిగా వినబడవచ్చు. కాని ఆ వివాదంలో ప్రశ్న మరియ ఘనత కాదు, ఆమె కన్నది ఎవరిని అన్నదే. ఆమె కన్నవాడు దేవునితో కలిసియున్న ఒక మనుష్యుడా, లేక మనుష్యుడైన దేవుడా? మొదటిదైతే సిలువమీద చనిపోయినది కూడా ఒక మంచి మనుష్యుడే. ఆ కాలంలో రాజకీయాలు, పట్టణాల మధ్య పోటీలు, వ్యక్తిగత వైరాలు ఉన్న మాట వాస్తవం. నెస్టోరియస్‌కు పూర్తి న్యాయం జరిగిందా అని పండితులు నేటికీ చర్చిస్తున్నారు. అయినా ప్రశ్న నిజమైనదే.

451లో కల్కెదోను మహాసభ రెండు అంచులనూ కాపాడింది. ఒకే క్రీస్తు, దైవత్వంలో తండ్రితోను మానవత్వంలో మనతోను ఏకతత్వము గలవాడు. ఆ రెండు స్వభావాలు కలగాపులగం కాలేదు, విడిపోలేదు. ఈ మాటలను అంగీకరించలేని ఐగుప్తు, సిరియా, ఆర్మేనియా సంఘాలు వేరుపడ్డాయి. ఆ విభజన ఇంకా మానలేదు. అయితే వారు కూడా క్రీస్తు సంపూర్ణ దైవత్వాన్నీ సంపూర్ణ మానవత్వాన్నీ ఒప్పుకొంటారు. ఆ సభకు ఆధారమైన పత్రిక వ్రాసిన లియో, తన క్రిస్మస్ ప్రసంగాల్లో ఈ సిద్ధాంతాన్ని జీవితానికి అన్వయించాడు. దేవుడు మీ స్వభావాన్ని ధరించాడు గనుక మీ ఘనతను తెలిసికొని, పాత దీనస్థితికి తిరిగిపోకుడని ఆయన సంఘాన్ని బ్రతిమాలాడు. సిద్ధాంతం నుండి పరిశుద్ధత పుట్టింది.

6. శరీరధారణ, అవతారం

ఇక్కడ మన దేశపు ప్రశ్న ఒకటి ఉంది. తెలుగులో క్రీస్తు రాకను చెప్పడానికి ‘నరావతారం’, ‘శరీరధారణ’ అనే రెండు మాటలనూ వాడుతున్నాం. అవతారం అనే మాట మన పొరుగువారికి వెంటనే అర్థమవుతుంది. అదే దాని బలం. కాని అవతారాలు అనేకం, కార్యం ముగిసినప్పుడు అవి చాలించబడతాయి అనే భావం కూడా ఆ మాటతో వస్తుంది. ఇగ్నేషియస్ ఎదిరించిన బోధ మన శ్రోతల మనస్సులో మరొక రూపంలో నిలిచి ఉండవచ్చు.

ఇరువదవ శతాబ్దపు భారతీయ వేదాంతులు దీనితో గట్టిగా తలపడ్డారు. మద్రాసుకు చెందిన వి. చక్కరై ‘జీసస్ ది అవతార్’ అనే గ్రంథంలో ఆ మాటను స్వీకరించాడు. అయితే క్రీస్తు అవతారం తాత్కాలికం కాదనీ, ఆత్మద్వారా నేటికీ కొనసాగుతున్నదనీ వాదించాడు. ఆయన బంధువూ, నెల్లూరులో 1886లో జన్మించిన తెలుగువాడూ అయిన పాండిపెద్ది చెంచయ్య, క్రీస్తు జననంలో నూతన సృష్టిని చూశాడు. ఆదియందు జలములమీద అల్లాడిన ఆత్మ మరియను కమ్ముకొన్నప్పుడు సృష్టిలో ఒక కొత్త మానవత్వం ఆరంభమైందని ఆయన తలంపు. చెంచయ్య సంఘ వ్యవస్థను గూర్చి చెప్పినవన్నీ మనం అంగీకరించనవసరం లేదు. కాని క్రీస్తు మనుష్యత్వం వచ్చిపోయేది కాదు, నిలిచేది అని ఆయన పట్టుబట్టడం ఐరేనియస్‌కు దగ్గరగా ఉంది. హెబ్రీ పత్రిక కూడా మన ప్రధానయాజకుడు నేడు పరలోకంలో మన సహోదరుడుగానే ఉన్నాడని బోధిస్తుంది.

7. కాపరులకు కొన్ని మాటలు

ఈ చరిత్ర నుండి మన పరిచర్యకు మూడు సంగతులు తేలుతున్నాయి.

మొదటిది, జననం సిలువకు ముందుమాట మాత్రమే కాదు. దేవుడు మన స్వభావాన్ని ధరించుటయే స్వస్థత యొక్క ఆరంభం. అయితే సిలువను విడిచి జననాన్ని మాత్రమే ప్రకటిస్తే అది తీపి కథగా మిగులుతుంది. తూర్పు సంఘాల జనన చిత్రాలలో తొట్టి సమాధి ఆకారంలోను, పొత్తిగుడ్డలు ప్రేతవస్త్రాలవలెను చిత్రించబడడం ఈ సత్యాన్ని గుర్తుచేస్తుంది. మన క్రిస్మస్ ప్రసంగం చివరకు బల్ల దగ్గరికి సంఘాన్ని నడిపించాలి.

రెండవది, దేహాన్ని చిన్నచూపు చూడడానికి మనకు అధికారం లేదు. తెర్తుల్లియన్ వాదన సరియైనదైతే, గర్భిణి, బాలింత, పాలులేని శిశువు, పనిచేసి అలసిన కూలివాని శరీరం సంఘపు ప్రార్థనకు వెలుపలివి కావు. ఆత్మలను మాత్రమే రక్షించే సువార్త మార్సియన్ సువార్తకు దగ్గరగా ఉంటుంది. ఊరి చివర పుట్టినవాని పుట్టుకను తక్కువగా చూసే సమాజంలో, దేవుడు ఏ పుట్టుకను ఎంచుకొన్నాడో చెప్పడం కాపరి బాధ్యత.

మూడవది, పండుగ విషయంలో స్వేచ్ఛ, ఒప్పుకోలు విషయంలో స్థిరత్వం అవసరం. ఇంగ్లండు పార్లమెంటు 1647లో ఈ పండుగను రద్దు చేసింది; ఉత్తర అమెరికాలోని మసాచుసెట్స్ బే వలస 1659లో దానిని ఆచరించినవారికి అయిదు షిల్లింగుల జరిమానా విధించి, 1681లో ఆ చట్టాన్ని ఎత్తివేసింది. ఆ ప్యూరిటనులు రక్షకుని జననాన్ని నమ్మనివారు కారు. పండుగ చేసినా చేయకపోయినా వారు ఆ సత్యాన్ని బోధించారు. మన మధ్య పండుగ చేయని సంఘంలో లూకా రెండవ అధ్యాయం ఏడాదిలో ఒక్కసారైనా బోధింపబడుతున్నదా అని అడగాలి. పండుగ చేసే సంఘంలో కేకు, నక్షత్రం, సాంస్కృతిక కార్యక్రమాల తరువాత ఆ శిశువు ఎవరో చెప్పడానికి సమయం మిగులుతున్నదా అని కూడా అడగాలి.

ముగింపు

ఔగుస్తు జన్మదినంతో సంవత్సరాన్ని ప్రారంభించాలని రాతిమీద చెక్కినవారు ఉన్నారు. ఆ రాళ్లు నేడు చరిత్రకారుల పరిశోధనకు మాత్రమే ఉపయోగపడుతున్నాయి. పశువుల తొట్టిలో పుట్టినవానికి మొదటి మూడు శతాబ్దాల్లో స్థిరమైన పండుగ దినం కూడా లేదు. అయినా ఆయన నిజముగా పుట్టాడని ఒప్పుకొని ప్రాణమిచ్చినవారు ఉన్నారు. వారినుండి మనకు అందినది తేదీ కాదు, సాక్ష్యం. మన శరీరంలో, మన మనస్సులో, మన చావులో దేవుడు తానే పాలుపొందాడన్న ఆ సాక్ష్యాన్ని, మన కాలపు మాటల్లో, మన ప్రజల భాషలో, వచ్చే తరానికి సంపూర్ణంగా అప్పగించుటయే మనకు నియమింపబడిన పని.